చిత్రకోట్ రీలు, వెనక వరలక్ష్మమ్మ

జలపాతాన్ని కళ్లతో చూడటం ఎంత పాతకాలపు అలవాటండీ! మెడ నొప్పి, ముఖం మీద తుంపర. పైగా లైకు కొట్టడానికి చోటే ఉండదు! ఈ దురాచారం నుంచి మన టూరిస్టులను కాపాడింది సోషల్ మీడియానే. కాదనేవాళ్లు భిలాయిలోని ఖుర్సీపార్ వెళ్లి సత్యారావును అడగండి.

సత్యారావుకు ఉన్నది ఒక్క మినీబస్సు. డోంగర్‌గఢ్ కొండకో, అరకుకో, బస్తర్ జలపాతాలకో భిలాయి తెలుగువాళ్లను తనే నడిపి తిప్పుకొస్తాడు. పబ్లిసిటీ విభాగం ఆయన భార్య సత్యవాణి. సుపేలా బజారులో వంకాయలు ఏరుతూ "ఆదివారం బస్సెల్తంది" అని ఒక్క మాట అనేది. సంచీ నిండేలోపు బస్సు నిండేది. ఇదేం మార్కెటింగ్, చెప్పండి? ఫిల్టర్ లేదు, మ్యూజిక్ లేదు, వట్టి నిజం!

ఇంతలో రోడ్డుకు అవతల కొత్త ట్రావెల్స్ వెలిసింది. వాళ్లది అద్దె బస్సు. అయితేనేం, పేజీ సొంతం! జనం అటు మళ్లారు. సత్యారావు బస్సు ఆదివారాలు కూడా ఇంటిముందే కునికింది.

"పాపా, ఆజ్‌కల్ పేజీ లేకపోతే ఎవరూ నమ్మరు" అంది కూతురు రోహిణి.

"మనకి పేజీ ఏటికే? బస్సుంది కదా!" అన్నాడు సత్యారావు.

"బస్సు ఎవరికి కనిపిస్తుంది పాపా? రీలే కదా కనిపించేది!"

ఇంట్లో కూతురి పోరు, ఎదురుగా పోటీ, పైసా ఖర్చు లేదన్న భ్రమ. చిన్న వ్యాపారి సోషల్ మీడియాలో దూకడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మొదటి రీలులో సత్యారావు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, బస్సు ముందు నిలబడి చేతులు చాపాడు. అంతే, బుకింగులు వచ్చిపడ్డాయి! చిత్రకోట్ జలపాతం ట్రిప్పులో సీటు దొరకడమే గగనమైంది. నాకు మాత్రం దొరికింది. నా పక్కన వరలక్ష్మమ్మగారు. ఉక్కు ప్లాంటులో పనిచేసిన భర్త పోయి చాలాకాలమైంది.

"ఆయనకి షిఫ్టులే సరిపోనాయి బాబూ. ఆ నీళ్లు సూద్దారని నాకు ఎప్పట్నించో ఉంది" అందావిడ.

పాపం, ఆవిడకు ఫోన్ వాడటం కూడా సరిగా రాదు. అందుకే చూడాలనుకుంది.

చిత్రకోట్‌లో దిగగానే రోహిణి ఆజ్ఞాపించింది. "అందరూ జలపాతానికి వీపు పెట్టండి!" అంత దూరం వెళ్లి ఆ మహాప్రవాహానికి మా వీపులు చూపించి ధన్యులమయ్యాం. చివర్లో టాటా రీలు. అందరూ బస్సెక్కి కిటికీల్లోంచి చేతులూపాలి, బస్సు కదలాలి. ఒకసారి చేతులు కలవలేదు. ఇంకోసారి ఎండ అడ్డొచ్చింది. ఎన్నిసార్లు ఎక్కామో, ఎన్నిసార్లు దిగామో! ఆఖరి టేకు అదిరింది. కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీంచి తీసిన రోహిణి, ఫోన్ చూసుకుంటూనే లోపలికొచ్చేసింది. సత్యారావు ఆ హుషారులోనే బస్సును జగదల్‌పూర్ దారి పట్టించాడు.

రీలు ఎక్కిందో లేదో కామెంట్ల వాన! 'వెనక ఆంటీ యాక్టింగ్ సూపర్' అట. ఏ ఆంటీ అని నేనూ నవ్వుకుంటూ చదువుతున్నాను.

అప్పుడు సత్యారావుకు ఖుర్సీపార్ నుంచి సత్యవాణి ఫోన్, స్పీకర్లో. "ఏటండీ, బస్సెనకాల సెప్పులు సేత్తో అట్టుకుని పరిగెడతన్నది వరలక్ష్మమ్మ పిన్ని కాదేటి?"

ఎవరో ఆవిడ నంబరుకు చేశారు. నా పక్కన, ఖాళీ సీటు మీద ఫోన్ మోగింది.

సత్యారావు బస్సు తిప్పాడు. కళ్లద్దాలు ఎప్పుడు తీసేశాడో! "ఆయమ్మకి ఏటైనా అయితే నానింక బండి ముట్టను" అన్నాడు. రోహిణి ఏడుస్తోంది. ఆ దారంతా ఎవరూ రీలు తీయలేదు.

వరలక్ష్మమ్మగారు జలపాతం పక్కన, మొక్కజొన్న కంకులు కాల్చే బండి దగ్గర కూర్చుని ఉంది. సత్యారావు కాళ్ల మీద పడిపోయాడు. "పిన్నీ, తప్పైపోనాది!"

"లెగు నాయినా. ముందు బెంగెట్టుకున్నాను. నువ్వు రాకుండా ఉంటావేటి అనుకుని కూకున్నాను. ఈ దీదీ భుట్టా ఇచ్చింది. మీరందరూ ఎల్లిపోనాక అప్పుడు ఇనబడింది, నీళ్ల సప్పుడు! కడుపునిండా సూసినాను."

సోషల్ మీడియా మహిమ కాకపోతే ఏమిటిది? ఆ రీలు లక్షలమంది చూశారు, వరలక్ష్మమ్మగారి మాట ఊరంతా పాకింది. ఇప్పుడు సత్యారావుకు ఊపిరాడటం లేదు. కుర్రకారు సంగతి సరే, రిటైరైన పెద్దలంతా క్యూ కట్టారు. అందరిదీ ఒకటే కోరిక: "మమ్మల్నీ అలాగే కాసేపు వొగ్గేసి ఎల్లిపో బాబూ!"

రోహిణి దాన్ని స్పెషల్ ప్యాకేజీ చేసింది. నేనూ పేరు ఇచ్చాను.

"అంకుల్, మిమ్మల్ని ఎంతసేపు వదిలేయమంటారు?" అనడిగింది.

"మీరు ఒక్క రీలు తీయడం అయ్యేదాకా చాలమ్మా" అన్నాను.

సాయంత్రం దాకా నాకు ఢోకా లేదు!