బాగేపల్లి బస్సెక్కిన పాట

గాయకుడికి మంచి గొంతు కావాలని మీరింకా నమ్ముతున్నారా? అయితే మీరు బాగా వెనకబడ్డారు. ఈ రోజుల్లో గాయకుడికి కావలసింది వివాదం. నలుగురికి కోపం తెప్పించలేనివాడు ఎన్ని రాగాలు తీసి ఏం లాభం? సందేహముంటే తెలుగు, కన్నడ కలిసిన చింతామణి ఊరి అమరేష్ సంగతి వినండి.

అమరేష్ మొన్నటిదాకా స్నేహితుడు దేవరాజ్‌తో కలిసి పెళ్ళిళ్ళలో పాడేవాడు. భోజనాల దగ్గర సాంబారు కేకల మధ్య తన ప్రతిభ నలిగిపోతోందని తోచి, సోలో కెరీర్ మొదలుపెట్టాడు. విడిపోయేటప్పుడు దేవరాజ్‌కి స్పీకర్లు దక్కాయి. అమరేష్‌కి నల్లకళ్ళద్దాలు దక్కాయి.

మొదటి మ్యూజిక్ వీడియో టొమాటో మార్కెట్లో తీశారు. వెనకనుంచి హమాలీలు ‘పక్కకి జరగప్పా’ అన్నది కూడా రికార్డయింది. విమర్శకులంటూ ఉంటే దాన్ని కోరస్ అనుకునేవారు. ‘నా చిలక బాగేపల్లి బస్సెక్కెనే’ అని పల్లవి. వేసవంతా కూర్చుని, కొట్టేసి, మళ్ళీ రాసి, ప్రాణం పెట్టి కట్టిన పాట. ఎవరూ చూడలేదు. వాళ్ళమ్మ యశోదమ్మ మాత్రం రోజూ చూసేది, సౌండు తీసేసి.

“సౌండు పెట్టుకోమ్మా,” అన్నాడు అమరేష్.

“పాట దేనికిరా? నువ్వు చిక్కిపోయినావా అని చూస్తాండా.”

అప్పుడు దేవుడు కరుణించాడు. బాగేపల్లిలో ఎరువుల అంగడి బయ్యప్ప చెవిన ఆ పల్లవి పడింది. ‘చెప్పకుండా పోయే ఆడపిల్లలకి మా ఊరే దొరికిందా?’ అని ఆయన ఊరి గౌరవ సంఘం పెట్టాడు. ‘మన ఊర్లో ఏం తక్కువని పిల్ల బస్సెక్కింది?’ అని అమరేష్ సొంతూరు చింతామణి అలిగింది. జిల్లా కేంద్రం పేరెత్తకుండా పాటేమిటని చిక్కబళ్ళాపురం నొచ్చుకుంది. ఒక్క పల్లవితో మూడు ఊళ్ళు! ఏ సంగీత విద్వాంసుడికి సాధ్యం చెప్పండి?

అమరేష్ తెలుగులో క్షమాపణ వీడియో పెట్టాడు. కన్నడలో ఏదీ అన్నారు. కన్నడలో పెట్టాడు. తెలుగు మరిచాడా అన్నారు. పాటని చూడనివాళ్ళంతా క్షమాపణని చూశారు. అతను చేతులు జోడించి మెడ వంచిన తీరుకి కాలేజీ పిల్లలు స్టెప్పులు కట్టారు. అమరేష్ పేరు మారుమోగింది.

ఒకరోజు బస్టాండులో వినుత అనే అమ్మాయి గుర్తుపట్టి సెల్ఫీ తీసుకుంది. మురిసిపోయి గొంతు సవరించుకున్నాడు.

“పాట వద్దన్నా. క్షమాపణ చెప్పు ఒకసారి, మా అక్కకి పంపించాల,” అంది ఆ పిల్ల.

చెప్పాడు. కానీ ఆ పూట అన్నం సయించలేదు. మరునాడు బాగేపల్లిలో గౌరవ సంఘం ధర్నా ఉందని తెలిసి, ఆ రోజే నేరుగా బయ్యప్ప అంగడికే వెళ్ళాడు.

“నా పాట పూర్తిగా విన్నావా అప్పా?”

“పూర్తిగా యాడ వింటాం? కోపం వచ్చేదంక విన్న్యాం. చాలదా?”

అమరేష్ యూరియా మూటమీద కూర్చుని, కళ్ళద్దాలు తీసి పాడాడు. రెండో చరణానికి బయ్యప్ప ఫోన్ పక్కన పెట్టాడు. మూడో చరణంలో చిలక బాగేపల్లిలో దిగుతుంది. ‘ఆ ఊరి మాట చల్లన, ఆ ఊరి మనసు తెల్లన, అందుకే నా చిలక మళ్ళీ రాలేదు’ అని పాట ముగుస్తుంది. బయ్యప్ప తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

“ఎంత బాగుండాదప్పా. మా ఊరి గురించి ఇంత బాగా ఎవురూ చెప్పలేదు.”

“అయితే ధర్నా ఆపేస్తారా అప్పా?”

బయ్యప్ప కంగారుగా లేచి, అంగడి తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

“ధర్నాకి మైకు, షామియానా అన్నీ చెప్పేసినాం. నీకు దండం పెడతా, రేపు సాయంత్రం దాకా ఈ పాట ఎవురికీ వినిపించొద్దు.”