పెళ్లి భోజనం చేయని డాక్టరు కావలెను

పెళ్లయి నలభై ఒక్క రోజులు. ఒకే కప్పులో ఇద్దరూ టీ తాగడం ఇంకా గొప్ప విషయంగానే అనిపిస్తున్న రోజులవి. ఆ ఉదయం వాళ్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఒకే స్కూటరు మీద బయల్దేరాలి, ఆయన డిక్లరేషన్ ఫారం మీద ఒక్క సంతకం వేయించాలి, సాయంత్రం ఆరింటికి ఆయన జీవితంలో మొదటి పాఠం చెప్పాలి.

ఆమె వైద్య విద్యా సంఘంలో ఆఫీసు పనులు చూస్తుంది. డాక్టర్లకు కొత్త సంగతులు నేర్పే సంఘం అది. ఆయన ఆ డాక్టర్లందరిలోకీ చిన్నవాడు. రక్తపోటు సరిగ్గా ఎలా కొలవాలో చెప్పే అవకాశం కోసం ఆరు నెలలు ఎదురుచూశాడు. పది రోజులుగా పడకగదిలో బీరువాను నిలబెట్టి అదే పాఠం చెబుతున్నాడు. ఈపాటికి బీరువా కూడా బీపీ చూడగలదని ఆమె నమ్మకం.

ఈమధ్యే సంఘంలో కొత్త నియమాలు వచ్చాయి. పాఠం చెప్పేవారు మందులు, పరికరాలు అమ్మేవాళ్ల నుంచి ఏడాదిలో ఏం పుచ్చుకున్నారో రాసివ్వాలి. ఆ అమ్మేవాళ్లతో ఏ సంబంధమూ లేని సభ్యుడొకరు అది చదివి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే పాఠం లేదు.

"ఒక్క పెన్ను పుచ్చుకున్నా రాయాలండీ," అంది ఆమె, కప్పు ఆయనవైపు జరుపుతూ.

"పెన్నుల్లేవు. మరి మావయ్యగారు?"

"మా నాన్నేంటి మధ్యలో?"

"బీపీ మిషన్లు అమ్ముతారుగా."

"అదొక కంపెనీనా? ఒక షట్టరు, రెండు బల్లలు, తిరగని ఫ్యాను."

"ఎంత చిన్న వ్యాపారమైనా సరే అని ఇక్కడుంది. టైపు చేసింది నువ్వే."

నిజమే. ఆయన నిజాయితీకి ముచ్చటపడి ఆమె ఊరుకుంది. ఆయన నింపాదిగా రాసుకుపోయాడు. సదరు వ్యాపారి నుంచి పొందినవి: చేతి గడియారం, పెళ్లి భోజనం, భార్య.

"భార్యను కొట్టెయ్యండి. నన్నెవరూ ఇవ్వలేదు, నేనే వచ్చాను."

ఆయన కొట్టేయలేదు. పక్కన 'స్వయంగా వచ్చినవారు' అని చేర్చాడు. ఆ మాటకు మురిసిపోయి ఆమె భోజనం సంగతి పట్టించుకోలేదు. కొంప మునిగింది అక్కడే.

సంఘం అధ్యక్షుడు నవ్వు మొహం పెద్దాయన. పెన్ను తీసి ఫారం చదువుతూ భోజనం దగ్గర ఆగిపోయాడు.

"అమ్మాయ్, ఈ భోజనం నేనూ చేశాను కదూ?"

"చేశారు సార్. మళ్లీ వడ్డించమని కూడా అడిగారు."

"అయితే పరికరాలమ్మే మనిషి దగ్గర నేనూ పుచ్చుకున్నట్టే. నేను పెట్టకూడదు." పెన్ను జేబులోకి వెళ్లిపోయింది.

చర్మ డాక్టరుకు ఫోన్ చేస్తే, పెళ్లికి పిల్లల్నీ అత్తగారినీ కూడా తీసుకొచ్చానన్నాడు. కంటి డాక్టరమ్మ, "నేను ఆలస్యంగా వచ్చాను, ఒక్క స్వీటే తిన్నాను," అంది. "ఒక్క పెన్నయినా రాయాలండీ," అంది ఆమె నీరసంగా.

"కంగారుపడకు," అన్నాడు అధ్యక్షుడు. "తిన్నవాళ్లెవరో తేలితే తిననివాళ్లు తేలతారు." వెంటనే ఒంటివేలితో సభ్యుల వాట్సాప్ గ్రూపులో సందేశం కొట్టాడు. 'ఈ రోజు పాఠం చెప్పబోయే డాక్టరు పెళ్లిలో భోజనం చేసినవారందరూ తక్షణం ఆఫీసుకు తెలియజేయగలరు.'

డాక్టర్లకు అలాంటి సందేశం పంపకూడదు. పావుగంటలో ఫోన్లు మొదలయ్యాయి. భోజనంలో ఏం కలిసిందని ఒకరు అడిగారు. ఆ మర్నాడు కడుపు ఉబ్బినప్పుడే అనుమానించానని ఇంకొకరు చెప్పారు. ఇద్దరు రక్తపరీక్షకు వెళ్లిపోయారు. చర్మ డాక్టరు అత్తగారి చేతి మీద ఎర్రమచ్చ కనిపెట్టాడు. అది ముప్పై ఏళ్లుగా అక్కడే ఉందని ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. చివరికి నాన్న ఫోన్ చేశాడు.

"ఏమ్మా, మన భోజనం తిన్నవాళ్లకి ఏమైంది? ఎవరెవరో డాక్టర్లు ఫోన్ చేసి వంటవాళ్ల అడ్రసు అడుగుతున్నారు."

"ఏం కాలేదు నాన్నా. అందరూ తిన్నారు, అదే సమస్య."

మూడింటికి లెక్క తేలింది. తిన్నవాళ్లు నూట పద్దెనిమిది మంది. తిననివాడు ఒక్కడే, ఎముకల డాక్టరు. ఆయన్ని అందరూ చాటుగా నిప్పు అంటారు. మందుల కంపెనీ మనిషి బల్ల మీద మర్చిపోయిన పెన్నును కొరియర్లో తిప్పి పంపిన ఘనుడు. నియమాలు రాసింది కూడా ఆయనే. భార్యాభర్తలిద్దరూ ఫారం పట్టుకుని, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ ఆయన గదిలోకి వెళ్లారు.

నిప్పు ఫారం రెండుసార్లు చదివాడు. "నేను పెట్టలేను."

"మీరు భోజనం చేయలేదు కదండీ," అంది ఆమె.

"చేయలేదు. ఎందుకు చేయలేదు?"

జవాబు కూడా నిప్పే చెప్పాడు.

"పిలవలేదు గనక. నలభై ఒక్క రోజులుగా మీ ఇద్దరి మీదా కోపంగా ఉన్నాను. కోపం ఉన్నవాడు సంతకం పెట్టకూడదు. అదీ పక్షపాతమే."

భర్త మొహం వాడిపోయింది. అది చూసేసరికి ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "శుభలేఖ పట్టుకుని మీ గుమ్మం దాకా వచ్చామండీ. కొరియర్లో తిప్పి పంపిస్తారేమోనని భయపడి వెళ్లిపోయాం."

"పంపేవాణ్ణే," అని ఒప్పుకున్నాడు నిప్పు. "అయినా పిలవాలి. పిలిస్తేనే కదా రానని చెప్పేది."

"పోనీ ఇప్పుడు మా ఇంటికి భోజనానికి రండి సార్," అన్నాడు కొత్త పెళ్లికొడుకు.

"వస్తే నేనూ తిన్నవాళ్లలో కలుస్తాను. కూర్చోండి ఇద్దరూ. ఏ సంబంధమూ లేనివాడు ఒక్కడూ దొరక్కపోతే, ఉన్నదంతా వినేవాళ్ల ముందు చదివి వాళ్లనే అడగాలి. ఏడో నియమం. ఎవరూ అంతదాకా చదవరు."

టైపు చేసిన మనిషి కూడా చదవలేదు.

మామూలుగా పాఠానికి వచ్చేది ఇరవై మంది, అందులో నిద్రపోయేది ఐదుగురు. ఆ సాయంత్రం తమ కడుపుల సంగతి తేల్చుకోవడానికి నూట పద్దెనిమిది మందీ వచ్చారు. కొత్త పెళ్లికొడుకు ఫారం మీంచి తలెత్తకుండా గడియారం, భోజనం, స్వయంగా వచ్చిన భార్య, అన్నీ చదివాడు. ఇదా సంగతి అని హాలంతా ఊపిరి పీల్చుకుని, ఆ వెంటనే పగలబడి నవ్వింది. "ఈయన పాఠం చెప్పడానికి అభ్యంతరం ఉన్నవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు నిప్పు. ఒక్క చెయ్యీ లేవలేదు.

ఆ నవ్వుతో కొత్త పెళ్లికొడుకు బెరుకు ఎటో పోయింది. నలభై నిమిషాలు గడగడా చెప్పాడు. ఒక్కరూ కునుకు తీయలేదు. "మీ మావగారి మిషన్ కొనమంటారా?" అని ఎవరో ఆటపట్టిస్తే, "కొనేముందు పరీక్షించండి, ఎవరి మామగారిదైనా సరే," అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఆమెకు, పది రోజులు ఆ బీరువా పడ్డ శ్రమంతా ఫలించినట్టనిపించి కళ్లు చెమర్చాయి.

అందరూ వెళ్లాక అభిప్రాయ పత్రాలు పోగుచేసింది. అన్నిటికీ అడుగున నిప్పు చేతిరాత కనిపించింది. "పాఠం చాలా బాగుంది. కోపం పోయింది. కనుక ఈ అభిప్రాయాన్ని పరిగణనలోకి తీసుకోరాదు."