రెండున్నర గంటల భూకంపం

"నీలవేణికి ఎన్నో నెల?" అంటూ పొరుగింటి గున్నమ్మ పొద్దున్నే చలిమిడి గిన్నెతో దిగింది. ముందురోజు సోములు "మా ఇంట్లో భూగర్భం పని" అంటే ఆవిడకు వెనక సగమే వినబడింది.

"గర్భం కాదత్తా, భూగర్భం! భూమి కడుపు!" అని సోములు మొత్తుకున్నాడు.

"ఓలమ్మా, భూమికా? ఎన్నో నెల?"

ఆమదాలవలసకు నాలుగు మైళ్ల అవతల, కొండవారనున్న సోములు ఇంటి వెనక గదిలో, విశాఖపట్నం ప్రొఫెసరు నరసింగరావు అరవై ఎనిమిదిలో ఒక యంత్రం పెట్టించాడు. ఎక్కడో దూరాన భూకంపం వస్తే ఆ అలలు గోదావరి లోయ అడుగునుంచి ఇక్కడికి వస్తాయి. ఆ లోయ ఎప్పుడో నేల చీలి కుంగిన చోటు. దాని కింద లోతున రాయి కాగి బెల్లంపాకంలా మెల్లగా పారుతూ ఉంటే, అలలు ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యం కోసమే ప్రొఫెసరు తొందర. యంత్రం సూది మసి పట్టించిన కాగితం మీద గీతలు గీస్తుంది. ఆ కాగితాన్ని కనిపెట్టుకుని ఉండడం, ముందురోజుదాన్ని మధ్యాహ్నం రెండింటికి సైకిలు మీద తీసుకెళ్లి స్టేషన్లో పార్సెలు చేయడం సోములు పని. భార్య నీలవేణినీ అంతగా కనిపెట్టుకున్నాడా అంటే, పెళ్లిపీటల మీద చూసిందే చూపు.

మాఘమాసంలో ఒకనాడు కాగితం మీద పదకొండు గుద్దులు కనబడ్డాయి. టైము రెండున్నర. మర్నాడూ రెండున్నరే, పదకొండే. పన్నెండోది సోములు గుండెల్లో పడింది. తాను స్టేషన్లో ఉండే వేళ, ఇంట్లో ఇంత బరువైన అడుగులేసే మగవాడెవడు?

"ఒసే, మజ్జానం ఎవులొచ్చారు?"

"ఎవులొస్తారు? ఈగలొచ్చాయి."

ఈగలకు అంత బరువుండదని సైన్సు ఇంట్లో పెట్టుకున్నవాడికి వేరే చెప్పాలా? పోస్టుమాన్ ఎర్రన్నను వెనక గదిలోకి లాక్కెళ్లాడు.

"మావా, ఓపాలి గెంతు."

"ఎందుకురా?"

"ఆరోగ్యానికి."

ఎర్రన్న గెంతాడు. గీత కలవలేదు. పాలు పోసే లక్ష్ముడు గెంతాడు. అదీ కలవలేదు. మోకాళ్ల నొప్పులు కనిపెట్టే మిషనొచ్చిందని గున్నమ్మ ఊరంతా చాటింది. మూడోనాటికి వీధి పొడుగునా వరస కట్టారు. గెంతినవాళ్లు గెంతగా సూది పూనకం వచ్చినట్టు ఊగిపోయింది.

వారం తిరక్కుండా ప్రొఫెసరు కాగితాల కట్టతో వెనక గదిలోకి ఊడిపడ్డాడు. "ఏమయ్యా, భూమి బద్దలవుతుంటే ఒక్క ఉత్తరం రాయవేం? రోజూ రెండున్నరకు ఇదేమిటి?"

వరసలోని వాళ్లందరి ముందూ సోములు బావురుమన్నాడు. "నేనూ అదే అడుగుతన్నాను సార్! ఆడెవుడో మీరే తేల్చండి. లేపోతే దీన్ని ఈరోజే పుట్టింటికి తోలేస్తాను!"

నీలవేణి లోపలినుంచి వచ్చింది. కుచ్చిళ్లు దోపుకుని, యంత్రం ముందు నిలబడి, దబదబా పదకొండు సార్లు గెంతింది. ప్రొఫెసరు కొత్త గీత పక్కన పాత కాగితం పెట్టి చూశాడు. అచ్చు గుద్దినట్టు అవే గుద్దులు.

"ఆ మసి కాయితాన్ని గంటలకొద్దీ సూస్తావు. దాని గీతకి ముసిముసిగా నవ్వుతావు. నా మొకం సూసి ఎన్నాళ్లయినాది బావా? అందుకే నువ్వెళ్లగానే నేనే ఆ కాయితమెక్కుతన్నాను, అందులోనైనా సూస్తావని. సూసినావు! సూసి, ఎవుడో మగోడన్నావు!"

అలలన్నీ అలకలని తేలింది. వీధి వీధంతా గొల్లుమంది. సోములు మొదటిసారి కాగితం వదిలి భార్య ముఖంలోకి చూశాడు. అక్కడ భూకంపం ఇంకా ఆగలేదు.

ప్రొఫెసరు ఆ కాగితాలన్నిటి మీదా 'స్థానిక కారణం' అని రాసి, యంత్రాన్ని పెళ్లికానివాడి ఇంటికి మార్చమని ఆర్డరు వేశాడు.