పులికాట్ గట్టు మీద విజిల్

ఆ ఉదయం రాజం పెట్టుకున్న పని ఒక్కటే, నోరు మూసుకొని ఉండటం. సూళ్లూరుపేట లాడ్జిలో చాయ్ చేతికిస్తూ భార్య శోభ ఖరాఖండిగా చెప్పేసింది.

"టీవీల సూసినకాడినుంచి ఆ ఫ్లెమింగోలను సూపియ్యుమని మొత్తుకుంటున్న. ఎప్పుడడిగినా డ్యూటీ అంటివి. వచ్చే ఏడు రిటైరైతవు, ఇగ బస్సు మాట్లాడుకొని గిట్ల అందరం కలిసి వచ్చేది లేదు. నీ గొంతుకు అవి లేచిపోయినయనుకో, నీతోని ఇంకే ఊరికీ రాను!"

"నేనేం మాట్లాడుతనే?" అన్నాడు రాజం మెల్లగా. తననెవరో పిలిచారనుకొని కింది అంతస్తు నుంచి లాడ్జి యజమాని పైకి వచ్చాడు.

పాపం, అందులో రాజం తప్పేం లేదు. గోదావరిఖనిలో అతను షాట్‌ఫైరర్, అంటే బొగ్గు పొరలో మందు కూర్చి పేల్చే మనిషి. విజిల్ ఊది, సొరంగం దద్దరిల్లేలా అరిస్తేనే తోటివాళ్ల ప్రాణాలు నిలిచేది. విజిల్ వినగానే అందరూ చాటుకు చేరతారు. పేలాక అతను "క్లియర్" అనేదాకా ఎవరూ కదలరు. ఇన్నేళ్లలో అతని దగ్గర ఒక్కడికీ గీత పడలేదు. అలాంటి గొంతును గుసగుసలాడమంటే ఎలా?

పులికాట్ సరస్సు చూడగానే బస్సులోని గని కార్మికులందరూ నిలబడిపోయారు. పొద్దుటి ఎండలో నీళ్లు మిలమిలలాడుతున్నాయి. గూడబాతులు బరువుగా వాలుతున్నాయి. ఆకాశం ఇంత పెద్దదని వాళ్లెప్పుడూ అనుకోలేదు.

"అబ్బ!" అన్నాడు రాజం. ఒడ్డునున్న బాతులన్నీ ఎగిరిపోయాయి.

శోభ అతని మెడలోని మఫ్లర్ తీసి నోటికే బిగించి కట్టింది. "విప్పినవో, సూడు!"

గట్టు మీద గైడు ముందు నడుస్తున్నాడు. ఫోటో కోసమని రాజం దోస్తు గులాం అలీ బురదలోకి దిగాడు. అతన్ని వెనక్కి పిలవడానికి గైడు విజిల్ ఊదాడు.

అంతే! కార్మికులందరూ గట్టు చాటున కూలబడి చెవులు మూసుకున్నారు. రాజం శోభను లాగి కూర్చోబెట్టాడు. గులాం అలీ బురదలోనే బోర్లా పడుకున్నాడు. వెనక్కి తిరిగి చూసిన గైడు, వీళ్లకేదో అరుదైన పక్షి కనిపించిందనుకొని తానూ చప్పున వంగి కూర్చున్నాడు.

ఇది గని కాదని అందరికీ తెలుసు. అయినా లేవడానికి ఒళ్లు ఒప్పుకోవడం లేదు. "రాజమన్నా, జల్ది క్లియర్ అను జర. బురద నోట్లకు వస్తున్నది," అని గొణిగాడు గులాం అలీ. రాజం తన మఫ్లర్‌ను చూపించాడు, తర్వాత భార్యను చూపించాడు.

అంతటి నిశ్శబ్దం గట్టు మీద ఎప్పుడూ ఉండి ఉండదు. ఫ్లెమింగోల గుంపు తలలు నీళ్లలో ముంచుకుంటూ, పొడుగు కాళ్లతో మెల్లమెల్లగా దగ్గరికే వచ్చేసింది. ఎంత నాజూకు నడక! శోభ తల ఎత్తి చూసింది. చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"గివేనా? తెల్లగున్నయ్ గదా. టీవీల ఎర్రగ కనవడ్డయ్." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "గింత దూరమొచ్చింది కొంగలను సూడనీకా?"

రాజం మఫ్లర్ కిందికి లాగేశాడు.

"ఏడువకే శోభా!" అన్నాడు, తన మటుకు చెవిలో చెప్పినట్టే.

గుంపు గుంపంతా నీళ్ల మీద పరుగెత్తి ఒక్కసారిగా రెక్కలు విప్పింది. ఆ రెక్కల్లో దాగిన ఎరుపంతా బయటపడింది. సరస్సు మీద ఆకాశం ఎర్రబడిపోయింది. రోజూ చూసే గైడు కూడా తిట్టడం మరిచి అలాగే చూస్తుండిపోయాడు.

"దీన్నే క్లియర్ అనుకుందాం," అంటూ గులాం అలీ లేచాడు.

రాజం తల వంచుకున్నాడు. "తప్పయింది శోభా. అన్నీ లేచిపోయినయ్."

"లేచినంకనే గదా ఎర్రగైనయ్!" శోభ ఒకపక్క ఏడుస్తూ, ఒకపక్క నవ్వుతూ అతని చెయ్యి పట్టుకుంది. "ఎంత సక్కగున్నయయ్యా! నువ్వు సప్పుడు జెయ్యకుంటే తెల్లటియే సూసి పోతుంటి."

"సార్, ఇంకోసారి మాత్రం అరవబాకండి," అన్నాడు గైడు, ఇంకా పైకే చూస్తూ.

బస్సెక్కాక శోభ తన చేత్తోనే అతని మఫ్లర్ విప్పేసింది. "ఇగ ఎంత మాట్లాడుతవో మాట్లాడు," అంది.

గులాం అలీ చెవులు మూసుకొని సూళ్లూరుపేటలోనే బస్సు దిగి రైలెక్కాడు.