417 నంబరు ఇత్తడి పలక

గురువారం ఆఫీసుకు గంట ఆలస్యంగా వస్తానని హనుమత్ప్రసాద్ ముందురోజే చెప్పి ఉంచాడు. అమీర్‌పేటలో గులాం మొహియుద్దీన్ పాత సామాన్ల దుకాణానికి వెళ్లడం, తుపాకీ మడమకు, అంటే భుజానికి ఆనే చివరకు, బిగించే ఇత్తడి పలకలేమైనా వచ్చాయేమో చూడడం, పదకొండుకల్లా పంజాగుట్టలో తన కుర్చీలో కూర్చోవడం. అంతే పథకం.

ఈ పలకల పిచ్చి అతనికి ఊరికే పట్టలేదు. నలభై నాలుగులో, అతనికి మూడేళ్లప్పుడు, బర్మా యుద్ధానికి వెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. ఒక్క ఫొటో కూడా లేదు. మిగిలింది ఒకే ఒక ఉత్తరం. "నాకిచ్చిన తుపాకీ మడమ మీద 417 అని కొట్టి ఉంది. రాత్రింబవళ్లు అదే నాకు తోడు" అని అందులో రాశాడాయన. తండ్రి భుజానికి ఆనిన ఆ ఇత్తడిని ఒక్కసారి ముట్టుకోవాలని నలభై ఏళ్లుగా అతనికి ఒకటే ఆశ.

పథకం బాగానే ఉంది గానీ, ఆ రోజు నోరు జారాడు.

"ఏ నంబర్ కావాలె సార్?" అన్నాడు గులాం.

"నాలుగొందల పదిహేడండి. మా నాన్నగారిది."

"ఫికర్ చెయ్యకుండ్రి. దొరుకుతది."

వారం తిరక్కుండానే దొరికింది. దాన్ని పంజాగుట్టలో ఉండే అజ్మత్ అలీ దగ్గరికి తీసుకెళ్లాడు. ఫౌజులో ముప్పై ఏళ్లు తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన అంకెల మీద బొటనవేలు రాసి, పలకను వాసన చూశాడు.

"అంకెల అంచులు వేలికి గుచ్చుకుంటున్నయ్. పాతదైతే ఒరిసి ఒరిసి నున్నగుంటది. గీ చిలుము సుత ఊరగాయ జాడీల నానబెట్టి పుట్టించిండ్రు. నకిలీ మాల్ భాయ్."

మరుసటి వారం ఇంకో 417 దొరికింది. ఆపై వారం ఇంకోటి. సంగతి సందంతా పాకింది. పక్క దుకాణం మొగిలయ్య దగ్గర 417 నంబరు నీళ్ల సీసా తేలింది. చివరికి చెంచా కూడా వచ్చింది.

"మీ నాయన దీంతోనే తిన్నడు సార్. నంబర్ చూస్కోండ్రి!" అన్నాడు మొగిలయ్య.

హనుమత్ప్రసాద్ అన్నీ కొన్నాడు. కిటికీలో ఏడు పలకలు వరసగా చేరాక భార్య అరుణాదేవి ఉండబట్టలేక అడిగింది.

"ఏవండీ, మావయ్యగారికి భుజాలెన్నండీ?"

అవన్నీ నకిలీవేనని మూడోదానికే అతనికీ అర్థమైపోయింది. కానీ అమీర్‌పేటలో బస్సెక్కి, అజ్మత్ అలీ గుమ్మం తొక్కేదాకా జేబులో చెయ్యిపెట్టి పలకను పట్టుకునే ఉండేవాడు. ఆ పావుగంటా నాన్న పక్కనే ఉన్నట్టుండేది. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

ఎనిమిదోసారి అజ్మత్ అలీనే దుకాణానికి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన్ని చూడగానే గులాం కొత్త సరుకు గోనెసంచి కింద దాచేశాడు. అజ్మత్ అలీ అదేమీ పట్టించుకోకుండా, మూల పడున్న తుక్కులో చెయ్యిపెట్టి, మట్టి పట్టిన పలకొకటి పైకి తీశాడు. అంచులు చూశాడు, మరలు బిగించే కన్నాలు చూశాడు.

"గిది అస్లీ" అన్నాడు నెమ్మదిగా.

హనుమత్ప్రసాద్ ముందుకు వంగాడు. అజ్మత్ అలీ రుమాలుతో మట్టి తుడిచాడు. మూడు. సున్నా. ఎనిమిది.

హనుమత్ప్రసాద్ పలకను అందుకుని భుజానికి ఆనించుకున్నాడు. చల్లగా ఉంది. దీన్ని మోసినవాడికీ ఒక ఇల్లుండే ఉంటుంది, ఎదురుచూసినవాళ్లూ ఉండే ఉంటారు. అతని కళ్లు చెమర్చాయి.

గులాం మొహియుద్దీన్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఒక్క గంట ఇయ్యుండ్రి సార్. నంబర్ మార్చిస్త. పైసలొద్దు."

"వద్దు భాయ్, అలాగే ఉండనీ" అన్నాడు హనుమత్ప్రసాద్. "దీన్ని మోసినాయన పిల్లలు కూడా ఎక్కడో ఈ నంబరు కోసం తిరుగుతూ ఉంటారు. ఏదో ఒకరోజు మీ దగ్గరికే వస్తారేమో."

గులాం మొహియుద్దీన్ చెవి మీది పెన్సిల్ తీసి, గోడ మీద 308 అని రాసుకున్నాడు.