తేలికమూట సంఘంలో తుపాకీ బరువు

మోంటానా రాష్ట్రం, సారెల్ ఫోర్క్ ఊరి తేలికమూట పాదయాత్రికుల సంఘం సభ్యులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ ఆగస్టు నుంచి అడవిలోకి వెళ్ళే ప్రతి బృందమూ విధిగా ఒక తుపాకీని వెంట తీసుకెళ్ళవలెను. కారణం అడగరాదు. కారణం అడగడమంటే తోటి సభ్యుల భయాన్ని అవమానించడమేనని కార్యవర్గం భావిస్తున్నది.

ఈ ప్రకటనని వెర్నా టాలెఫ్స్రుడ్ గ్రంథాలయం తలుపు మీద రెండుసార్లు చదివింది. మొదటిసారి కళ్ళజోడు లేకుండా, రెండోసారి పెట్టుకుని. రెండుసార్లూ అదే ఉంది.

ఇరవై రెండేళ్ళుగా బ్లూకెటిల్ సరస్సు యాత్రకి ఆవిడే నాయకురాలు. ఏడాదంతా ఆ నాలుగు రోజుల కోసమే బతుకుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆవిడ వెంట వెళ్ళినవాళ్ళెవర్నీ ఇంతవరకూ ఎలుగు తినలేదు. ఒకసారి పళ్ళ డాక్టరు గిల్ ప్రూయిట్ టోపీ మాత్రం నమిలింది. అదీ ఆయన టోపీలో శాండ్‌విచ్ దాచుకున్నందుకు. వెర్నా పద్ధతి చాలా మామూలుది. దారి మలుపు తిరిగే ప్రతిచోటా చప్పట్లు కొట్టి, "ఓయ్ ఎలుగూ! మేమొస్తున్నాం!" అని కేకేసేది. ఎలుగు విసుక్కుంటూ పక్కకి తప్పుకునేది. మరీ దగ్గరికొస్తే మొహాన చల్లడానికి ఘాటు మందు డబ్బా ఒకటి ఉండేది. దాన్నందరూ కారం డబ్బా అనేవాళ్ళు.

ఇక సంఘం గురించి. తిండీ నీళ్ళూ కాకుండా మనిషి వీపు మీది మూట పది పౌండ్లు దాటకూడదన్నది సంఘం మూలసూత్రం. అందుకోసం సభ్యులు టూత్‌బ్రష్షుల్ని సగానికి కోసుకుంటారు. చొక్కా కాలరు వెనక ఉండే పేరు ముక్కని కత్తిరించి పారేస్తారు. గిల్ అయితే తన చెంచా కాడకి పళ్ళు తొలిచే మరతోనే తొమ్మిది కన్నాలు పెట్టుకున్నాడు. అధ్యక్షుడు డ్వేన్ హాస్కెట్ పెళ్ళి ఉంగరం ఇంట్లో వదిలేసి బయలుదేరతాడు. భార్య అడిగితే, "ఔన్సులో ఆరో వంతు ఉంది మరి," అన్నాడట. ఇంత త్యాగమూర్తులు సభ్యులుగా ఉన్న సంఘం చుట్టుపక్కల మూడు జిల్లాల్లో ఇంకోటి లేదు.

తుపాకీ బరువు మూడు పౌండ్ల రెండు ఔన్సులు.

ఆ ప్రకటనకి సభ్యుల ఆమోదం కోసం అగ్నిమాపక కేంద్రం హాల్లో సమావేశం జరిగింది. టైర్ల దుకాణం నడిపే డ్వేన్ కుర్చీ మీదకెక్కి మరీ ప్రసంగించాడు.

"మిత్రులారా! ఎలుగుకి పళ్ళున్నాయి! గోళ్ళున్నాయి! మనకేమున్నాయి? సగం కోసిన టూత్‌బ్రష్షులు!"

చప్పట్లు మోగాయి.

"నాయనా డ్వేన్, నువ్వు ఎలుగుని ఎప్పుడైనా చూశావా?" అంది వెర్నా.

"చూళ్ళేదు వెర్నా గారూ. అందుకేగా ఇంత భయం! చూసినవాళ్ళతో ఈ విషయం మాట్లాడి లాభం లేదు. మీకు అలవాటైపోయింది."

"కారం డబ్బా ఉందిగా?"

"కారం చల్లడానికి అదేమన్నా వంటిల్లా?"

హాలంతా నవ్వింది. తీర్మానం నెగ్గింది. దానికో తోక కూడా తగిలించారు. ఈ యాత్రలో వెర్నా ఒక్క నియమం తప్పినా బ్లూకెటిల్ నాయకత్వం డ్వేన్‌కి వెళ్తుంది. వెర్నా సరస్సుని తల్చుకుని, పళ్ళు కొరుక్కుంటూ సంతకం పెట్టింది.

ఇప్పుడు ఆ మూడు పౌండ్ల రెండు ఔన్సులకీ చోటు చెయ్యాలి. ముందుగా, తిండి సంచుల్ని ఎలుగుకి అందకుండా చెట్టుకి వేలాడదీసే తాడు తీసేశారు. తుపాకీ ఉన్నవాడు తిండి దాచుకోవడం పిరికితనం కాబట్టి. తర్వాత మందుల పెట్టె తీసేశారు. ఇకమీదట గాయాలు ఎలుగుకే తగులుతాయి కాబట్టి. కారం డబ్బా తీసేశారు. దానికి కారణం చెప్పే అవసరం ఎవరికీ కనబడలేదు.

అయినా తూకం మొగ్గింది. అప్పుడు గిల్‌కి బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. గుడారాన్ని అందరూ పంచుకునే మోస్తారు కదా, ఒకరు గుడ్డ, ఒకరు కర్రలు, ఒకరు మేకులు. తుపాకీ మాత్రం ఏం పాపం చేసింది? ఆ ప్రకారం తుపాకీ డ్వేన్‌కి, దాని తోలు ఒర టీచరమ్మ మార్లిస్‌కి, ఆరు గుళ్ళు గిల్‌కి వచ్చాయి. బయలుదేరే చోట పైన్ కొమ్మకి కాటా వేలాడదీసి వెర్నాయే అందరి మూటలూ తూచింది. ఎవరికీ అన్యాయం జరగలేదు. నాయకురాలి మూటని మాత్రం ఆనవాయితీ ప్రకారం ఎవరూ తూచలేదు.

తుపాకీ ముందుండాలి గనక డ్వేన్ ముందు నడిచాడు. గిల్‌కి రాళ్ళ మీద పాచి కనిపిస్తే కూర్చుని ఫొటో తీసే అలవాటు. మధ్యాహ్నానికి ఆయన రెండు మైళ్ళు వెనకబడ్డాడు. కేకలు వేస్తే ఎలుగు జాగ్రత్తపడుతుందని డ్వేన్ వెర్నాని నోరు మూసుకోమన్నాడు.

ఎలుగు నిజంగానే జాగ్రత్తపడలేదు. మలుపు తిరిగేసరికి హకల్‌బెర్రీ పొదల్లో కూర్చుని, మూతంతా ఊదారంగు చేసుకుని, తీరిగ్గా పళ్ళు తింటోంది. వీళ్ళని చూసి లేచి నిలబడింది. లేస్తూనే ఉంది, ఇంకా లేస్తూనే ఉంది.

డ్వేన్ తుపాకీ తీసి గురిపెట్టాడు. మెరుపులా తీశాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"వెర్నా గారూ," అన్నాడు పెదవులు కదలకుండా. "గుళ్ళు గిల్ దగ్గరున్నాయి."

"తెలుసు నాయనా. నేనే తూచాను."

"ఇప్పుడెలా?"

"కదలకు. పరిగెత్తావంటే నిన్ను కాపాడటం నా వల్ల కాదు."

వెర్నా మెల్లగా చెయ్యి వెనక్కి పోనిచ్చి, మూట పక్క జేబులో మేజోడు తొడిగి దాచిన కారం డబ్బా తీసింది. ఎలుగు నాలుగు కాళ్ళ మీదకి దిగి దూసుకొచ్చింది. ముప్పై అడుగులు. ఇరవై. వెర్నా నొక్కింది. నారింజ రంగు మబ్బొకటి లేచింది. ఎలుగు అందులోకి వచ్చి, ఆగి, గట్టిగా తుమ్మి, వెనక్కి తిరిగి, పొదలు విరగ్గొట్టుకుంటూ కొండెక్కిపోయింది.

మిగిలిన మబ్బు డ్వేన్ మీదికొచ్చింది.

"కళ్ళు! నా కళ్ళు మండిపోతున్నాయి!"

"మండనీ. ఉన్నాయిగా!"

రెండు వారాల తర్వాత విచారణ సంఘం నివేదిక వచ్చింది. అందులో మొదటి అంశం: తుపాకీని చూపించిన కొన్ని క్షణాలకే ఎలుగు పారిపోయింది. రెండో అంశం: వెర్నా టాలెఫ్స్రుడ్ మూట పది పౌండ్ల పదకొండు ఔన్సులు తూగింది. డబ్బా అప్పటికే ఖాళీ కావడంతో, ఎలుగు మీదా అధ్యక్షుడి మీదా చల్లిన మందు బరువు కూడా కలిపి ఈ లెక్క తేల్చారు.

డ్వేన్ ఎర్రటి కళ్ళతో లేచి నిలబడ్డాడు. "నా ప్రాణం వెర్నా గారు పెట్టిన భిక్ష. అది నేను చచ్చేదాకా మర్చిపోను. కానీ ప్రాణం వేరు, నియమం వేరు!"

చేతులు లేచాయి. గిల్ చెయ్యి కూడా లేచింది.

"నువ్వు కూడానా గిల్?"

"ఏం చెయ్యను వెర్నా, పదకొండు ఔన్సులు! ఇక్కడ నేను చెంచాకి కన్నాలు పెట్టుకుని చస్తుంటే!"

ఆ విధంగా నాయకత్వం డ్వేన్‌కి దక్కింది. ఒక్క తుపాకీయే, అదీ గుళ్ళు లేకుండానే, ఇంత మేలు చేసినప్పుడు మనిషికొకటి, గుళ్ళతో సహా ఉంటే ఎంత మేలో ఆలోచించమన్నాడు. అందరూ ఆలోచించారు. మరుసటి ఏడాది జూన్, జులై నెలల్లో సాధించిన ఫలితాలు ఘనమైనవి. గాయపడిన ఎలుగులు సున్నా. తూట్లు పడినవి ఒక గుడారం, ఒక కాఫీ కెటిల్, ఎలుగులా కనిపించిన ఒక మొద్దు, గిల్ గారి రెండో టోపీ. "ఓయ్ ఎలుగూ" అన్న కేక వినగానే ముగ్గురు సభ్యులు ఒకరి మీద ఒకరు గురిపెట్టుకోవడంతో ఆ కేకని నిషేధించారు.

ఆగస్టులో వెర్నా ఒక్కతే బ్లూకెటిల్ సరస్సుకి బయలుదేరింది. కారం డబ్బాని దర్జాగా నడుముకి తగిలించుకుంది. మలుపు దగ్గర చప్పట్లు కొట్టింది. అలవాటుగా నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, గొంతు సవరించుకుంది.

"మనిషిని! మనిషిని వస్తున్నాను! ముసలిదాన్ని!"

ముందు పొదలో ఏదో కదిలింది. ఎండుకొమ్మ ఫటుక్కున విరిగింది. బరువైన ఊపిరి వినిపించింది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే మలుపులో, అది ఎలుగు కాకుండా ఉంటే బావుండునని వెర్నా దణ్ణం పెట్టుకునేది. ఇవాళ రెండు చేతులూ పైకెత్తి, బొమ్మలా నిలబడి, పొద వైపు రెప్పవెయ్యకుండా చూస్తూ అనుకుంది:

"దేవుడా, ఎలుగే అయ్యుండాలి!"