ఏడో నంబరు పెట్ట నడవడిక బాగాలేదు

క్రమశిక్షణ అంటే ఏమిటో తెలిసిన ఎనిమిది మంది మా పాఠశాల చరిత్రలో మొదటిసారిగా ఈ నెల మూడో తారీఖున ఆటోలో వచ్చి చేరారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఎనిమిదీ కోడిపెట్టలే. అది వేరే విషయం.

ఊరి చివర గుడ్ల ఫారం మూతపడింది. పెట్టల్ని కోతకు పంపేస్తున్నారని విని హెడ్మాస్టరుగారి భార్య మనసు ఊరుకోలేదు. వాళ్ల ఇల్లు బడిని ఆనుకునే ఉంటుంది. పెరట్లో అప్పటికే పన్నెండు కోళ్లున్నాయి. ఇంకో ఎనిమిదికి చోటుండదా అని ఆవిడ తెచ్చేశారు. కొత్తవాటికి మెడ మీద ఈకల్లేవు. ముక్కు కొసలు కత్తిరించి ఉన్నాయి. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఫారంలో అలా చేస్తారట. ఆ సంగతి విన్న హెడ్మాస్టరుగారు మా తరగతి వైపు చూసి కాసేపు ఆలోచనలో పడ్డారు.

కొత్త కోళ్లను పాత కోళ్లలో ఉన్నపళంగా వదలకూడదు. మధ్యలో వల కట్టి కొన్నాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకోనివ్వాలి. అమ్మగారు అలాగే చేసి, వారం తర్వాత వల తీశారు. పాత కోళ్లకు నాయకురాలైన పెద్దక్క పద్ధతి ప్రకారం వచ్చి, తలా రెండు పోట్లు పొడిచింది. కొత్తవి అరవలేదు, కదల్లేదు. వల తీసిన సంగతి తమకు కాగితం మీద అందలేదన్నట్టు, నోటుపుస్తకం తెరిచి పెట్టినంత చోటులోనే నిలబడ్డాయి. ఫారం బోనులో ఒక్కోదానికి అంతే చోటుండేదట. పెద్దక్క విసుగుపుట్టి వెళ్లిపోయింది. పొడిస్తే పారిపోయేవాళ్లు లేకపోతే పెద్దరికంలో రుచేముంది?

మర్నాడు ప్రార్థన కాగానే హెడ్మాస్టరుగారు ప్రసంగించారు.

"పిల్లలూ! ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఇలాంటి విద్యార్థుల్ని నేను చూళ్లేదు! తలుపు తీసినా బయటికి పోరు. పక్కవాళ్లతో మాట్లాడరు. ముఖ్యంగా, ప్రశ్నలడగరు. ఎవర్ని చూసి నేర్చుకోవాలో ఇప్పటికైనా తెలుసుకోండి!"

మేం చప్పట్లు కొట్టాం. ఆపమనేదాకా కొట్టాం.

కొత్త కోళ్లు పాతవాటిలో కలవడం కాదు, పాతవే కొత్తవాటిలా మారాలని నిర్ణయం జరిగింది. పెరట్లో సున్నంతో ఇరవై గళ్లు గీసి, నంబర్లు వేసి, హాజరుపట్టీ తెరిచారు. బయటికొచ్చిన కోడిని గడిలోకి చేర్చే బాధ్యత మా తరగతిది. అందుకు సైన్సు పీరియడ్ కేటాయించారు. సైన్సు మాస్టారు పోయినేడే బదిలీ అయ్యారు కాబట్టి చదువుకు ఏ నష్టమూ జరగలేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా, ఒక మధ్యాహ్నం కొత్తవాటిలో ఏడో నంబరు పెట్ట కాలితో నేలను గీరింది. గీరి, ఆ కాలిని తనే వింతగా చూసుకుంది. రెండో కాలితో గీరింది. పురుగు దొరికింది. మర్నాటికి పెద్దక్క పక్కన మట్టిలో పొర్లుతూ, కళ్లు మూసుకుని కనిపించింది. హెడ్మాస్టరుగారు పట్టీలో ఎర్రసిరాతో రాశారు: "నడవడిక బాగాలేదు. చెడు సావాసం."

శుక్రవారం తనిఖీ అధికారి వస్తున్నారు. ఆ ఉదయం ఏడో నంబరు గడిలో ఉంటే సరే, లేదంటే టి.సి. ఇచ్చేస్తామని ప్రకటించారు. కోడికి టి.సి. అంటే అధికారిగారి మధ్యాహ్న భోజనం.

"ఏమండీ, కాళ్లెందుకున్నాయో దానికిప్పుడిప్పుడే తెలుస్తోంది. కోసేస్తారా?" అన్నారు అమ్మగారు.

"క్రమశిక్షణ విషయంలో నువ్వు కలగజేసుకోకు."

"కోసుకోండి. నేను మాత్రం వండను."

"అటెండరు వండుతాడు."

"నాకు గుడ్లుడకేయడం తప్ప ఏం రాదండీ," అన్నాడు అటెండరు గుమ్మంలోంచి.

అమ్మగారు ఏడో నంబరును ఒళ్లో పెట్టుకుని బతిమాలారు. "మా అమ్మవి కదూ! ఒక్క గంట నిలబడవే. పెళ్లయినప్పట్నుంచీ నేను నిలబడట్లేదూ?"

శుక్రవారం పదింటికి అధికారిగారు వచ్చేసరికి ఇరవై గళ్లలో ఇరవై కోళ్లూ ఉన్నాయి. ఆయన ముందుగా గోడమీది నినాదం చదవడానికి అటు తిరిగారు. దేవుడి దయవల్ల అది పొడుగాటి నినాదం. ఏడో నంబరు ఒక కాలు బయటపెట్టింది. తర్వాత రెండోది. రెండేళ్లుగా మరుగుదొడ్ల కోసం పోసి ఉన్న ఇసక్కుప్ప మీదికెక్కి పొర్లడం మొదలెట్టింది. దాని వెనక పెద్దక్క. పెద్దక్క వెనక మిగతావన్నీ.

హెడ్మాస్టరుగారు మావైపు ఒక్క వేలు చూపించారు. అంతే. ఇరవై మందిమి పరుగెత్తి గళ్లలో గొంతుక్కూర్చున్నాం. నాకు ఏడో గడి వచ్చింది.

అధికారిగారు ఇటు తిరిగారు. కళ్లజోడు జేబులో ఉంది. తీయలేదు.

"కోళ్లు బాగా ఎదిగాయే!"

"ఫారం జాతండి, సార్."

"ఈ ఏడోది బక్కగా ఉంది."

"మేత పెంచుతాం, సార్."

"భేష్!" అని ఆయన నివేదిక రాశారు. హాజరు ఇరవైకి ఇరవై. ఏడో నంబరు ప్రత్యేకంగా అభినందనీయం. నిశ్శబ్దం అన్ని పాఠశాలల్లోనూ అమలు చేయదగినది.

అధికారి అభినందించిన విద్యార్థికి టి.సి. ఇచ్చే అధికారం ఏ హెడ్మాస్టరుకీ లేదు. అలా ఏడో నంబరు ప్రాణం దక్కింది. భోజనంలో ఉడికిన గుడ్లు వడ్డించారు.

సాయంత్రం లాంగ్ బెల్ కొట్టారు. అది పిల్లలకు. మేం రికార్డుల్లో కోళ్లం. లేవమని ఎవరూ చెప్పలేదు కాబట్టి లేవలేదు.

కోళ్లన్నీ ఇసక దులుపుకుని దిగొచ్చాయి. ఏడో నంబరు మా ముందుకొచ్చి నిలబడింది. మా మొహాలు చూసింది. ఒక కాలితో నెమ్మదిగా నేలను గీరింది. మళ్లీ చూసింది. మాకు అర్థం కాలేదనుకుందో ఏమో, ఈసారి ఇంకా నెమ్మదిగా, రెండు కాళ్లతోనూ గీరి చూపించింది.

మేం చేతులు కట్టుకుని, బుద్ధిగా చూశాం.